పద్దెనిమిదో సెంటీమీటరు

ఆటుకు నీళ్లు వెనక్కి జరిగాక
సులైబిఖాత్ బురదలో మోకాళ్లదాకా దిగి
ప్లాస్టిక్ గొట్టాన్ని నిలువునా దించుతాం.
పైన మూత బిగించి లాగితే
నల్లి ఎముకలో మూలుగలా
బురద జారకుండా గొట్టంతో పాటే వస్తుంది.
"పైది నిన్నటిది పీరమ్మా, అడుగుది మా తాతల నాటిది"
అంటుంది డాక్టర్ బదరియ్యా
ఒక చెప్పు బురదకిచ్చేసి, ఒంటికాలి మీద నిలబడి.

నా పని కోయడం.
సెంటీమీటరుకొక బిళ్ల, సన్నతీగతో, జున్ను కోసినట్టు.
ఆరబెట్టి, ఆసిడ్‌లో నానబెట్టి, జల్లించి
మిగిలిన పిడికెడు కాలాన్ని
గాజుపలక మీద పరుస్తాను.
దూదేకుల ఇంట పుట్టినదాన్ని.
ఏకిన దూదిలోంచి లేచే నలుసుల్లో
ఏది గింజపొట్టో, ఏది దుమ్మో
మా నాయన తుమ్మే చెప్పేది.
ఈ కొలువుకు అంతకుమించి చదువేమీ చూపించలేదు నేను.

పదిహేనుకు కిందంతా సీసం,
బళ్లు పెట్రోలు తాగి వదిలిన ఊపిరి.
యాభై దాటితే బొగ్గుపేళ్లు, పొడుగ్గా, ఈనెలతో సహా:
ఎవరో ముత్యాల పడవవాళ్లు
ఖర్జూరపు మట్టలు పొయ్యిలో పెట్టి చేప కాల్చుకున్నారు.
పద్దెనిమిది మాత్రం వేరు.
వేపిన గసగసాల్లా గుండ్రంగా, నల్లగా
ఒళ్లంతా తూట్లతో పూసలు.
లెక్కపెట్టే మీట నొక్కీ నొక్కీ
నా బొటనవేలు వాచింది.

"తొంభై ఒకటి" అంది బదరియ్యా.
"ఏ నెలో మాత్రం అడగొద్దు.
పీతలూ, బురదలో నడిచే చేపలూ బొరియలు తవ్వి
మార్చిని తీసుకెళ్లి ఆగస్టులో కలిపేశాయి."

నెలలు మా మేనమామ ఖాసీంపీరాకు తెలుసు.
అహ్మదీలో, బావులు మండుతున్న ఆ ఏడు
మంటలార్పేవాళ్ల బట్టలుతికాడు.
మిట్టమధ్యాహ్నం లాంతరు పెట్టుకుని ఇస్త్రీ.
తీగ మీద తెల్లగుడ్డ ఆరేలోపు నల్లతుంపర.
మళ్లీ ఉతకడం, మళ్లీ తుంపర,
కూలి మాత్రం ఒక్క ఉతుకుకే.
జూన్లో గాలి మళ్లిందట, రెండు రోజులు ఎండ చూశాడట,
ఆ రెండు రోజులే జీతం గిట్టిందని నవ్వేవాడు.

ఒక దిష్‌దాషాకు మాత్రం మనిషి రాలేదు.
రసీదు నంబరు రెండొందల పన్నెండు.
ఆర్నెల్లు చూసి, పెట్టెలో పెట్టుకొచ్చేశాడు.
మా అత్త దాన్ని చించి దిండు గలీబులు కుట్టింది,
మా నాయన దూది కూరాడు.
ఎన్ని చాకిరేవులు చూసినా
ఆ చుక్కలు పోలేదు.
వాటిని లెక్కపెడుతూనే నేను నిద్రపోయేదాన్ని,
అప్పుడూ బొటనవేలితోనే.

మొన్న గురువారం, అన్నం డబ్బాలో దాచి తెచ్చిన
గలీబు మూల ఒకటి ఆమె బల్ల మీద పెట్టాను.
ఆమె అద్దంలో చూసింది.
పలక మార్చి బురద చూసింది.
మళ్లీ గుడ్డ చూసింది.
ఏసీ చప్పుడు తప్ప ఏమీ లేదు.

"ఇవి లెక్కలోకి రావు పీరమ్మా" అంది చివరికి.
"సబ్బు తాకింది, ఓడెక్కింది, ఎవరెవరి తలనూనో తాగింది.
దీన్ని ఏ పొరలో చూపించను?"
నిజమే కదా అన్నాను.
కాసేపయ్యాక, నన్ను చూడకుండా:
"నాకు ఐదేళ్లప్పుడు. ముక్కు తుడిస్తే నల్లగా వచ్చేది.
సుర్మా కారిందిలే అనేది అమ్మ.
నేను నమ్మాను."

తర్వాత తనే ఒక సంచీ తీసి, గుడ్డముక్క వేసి
చీటీ మీద రాసింది.
స్థలం: అహ్మదీ. సంఖ్య: 212.
లోతు అన్నచోట కలం ఆగింది.
తల కింద, అన్నాను.
అలాగే రాసింది.

పందొమ్మిదో బిళ్లలో చెప్పుకోడానికేమీ లేదు.
బూడిదరంగు మన్ను, విరిగిన గవ్వపెంకు.
అయినా కోశాను,
సంచీలో వేసి
నంబరు రాశాను.